ఒక్క దీర్ఘం

పోయిన వారం దెజోని యారొక్ కాలవ దగ్గర వదిలిపెట్టాం. అవతలికి దాటాలా, వెనక్కి తిరిగి కారెక్కాలా తేలక, టోపీ చేతిలో పట్టుకుని దుంగల వంతెన మొదట్లో నిలబడ్డాడు. నిలబడితే నిలబడ్డాడు గానీ, మార్గిత ఇంటి పొగగొట్టం అక్కడికే కనిపిస్తోంది. ఆ ఇంట్లో ఇవాళ శవం ఉంది. ఆ శవం నోటినుంచి చివరి మాట విన్నవాడు తనే. ఎంతసేపు నిలబడ్డా ఆ సంగతి మారదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి కథ రెండు ముక్కల్లో చెప్తాను. కాలవకి ఇవతల స్లొవాక్ వాళ్ళ తోపోల్నా ఊరు, అవతల యారొక్, అంటే రోమా వాళ్ళ, జిప్సీల, బస్తీ. యారొక్‌లో పుట్టి పోలీసు యూనిఫాం తొడుక్కున్న మొదటివాడు దెజో. ఇప్పటిదాకా చివరివాడు కూడా అతనే. పోయిన శుక్రవారం సాయంత్రం, అడవిలో పొయ్యిలోకి దుంగలు కొట్టుకొస్తున్న కుర్రాళ్ళని గస్తీ కారు తరిమింది. కార్లో దెజో, అతని జోడీ మారెక్ ష్కోవ్రాన్ ఉన్నారు. మారెక్ దిగి చెట్లలో పడి పరిగెత్తాడు. దెజో కారు చుట్టూ తిప్పుకుని కాలవ గట్టుకి వచ్చేసరికి, మార్గిత చిన్న కొడుకు రూడో తల పగిలి రాళ్ళ మీద పడి ఉన్నాడు. మారెక్ పక్కన నిలబడి రొప్పుతున్నాడు. "నేనొచ్చేసరికే ఇలా ఉన్నాడు" అన్నాడు. అవతలి గట్టున రూడో సొంత అన్న గేయ్జా, దుంగలు లాగే కొక్కెం కర్ర చేతపట్టుకుని అరుస్తున్నాడు. ఆ పొద్దున్నే రంపం విరిగిందని అన్నదమ్ములిద్దరూ నడివీధిలో కొట్టుకున్నారు, చంపేస్తానని గేయ్జా అన్నాడు, బస్తీ అంతా విన్నది.

రూడో దెజో చెయ్యి పట్టుకుని రోమా భాషలో ఏదో అన్నాడు. ఏమంటున్నాడని మారెక్ అడిగితే దెజో స్లొవాక్‌లోకి మార్చి చెప్పాడు. అదే స్టేషన్లో రాశారు, అదే దర్యాప్తు అధికారి చదివాడు: "అన్న. నన్ను వాడితో వదిలెయ్యొద్దు." అంబులెన్సు వచ్చేలోపు రూడో పోయాడు. ఆ ముక్క మీదే, తమ్ముణ్ణి కొట్టేసి నీళ్ళలో దిగి అవతలికి పోయాడని, గేయ్జా జైల్లో పడ్డాడు. రేపు పొద్దున జడ్జి ముందు దెజో ఆ ముక్క ఇంకోసారి చెప్పాలి. చెప్పాడంటే గేయ్జా జైల్లోనే ముసలివాడైపోతాడు. ఇవాళ కొడుకు శవం ఇంటికి రాగానే మార్గిత కబురు పంపింది, దెజోని రమ్మనండి, యూనిఫాంతోనే రమ్మనండి అని.

ఇదీ సంగతి. ఇప్పుడు వంతెన దాటిద్దాం.

"వెళ్ళిరా ఫ్రాలా" అన్నాడు మారెక్, కారు అద్దం దించి. "నేనిక్కడే ఉంటా. మరీ ఆలస్యమైతే హారన్ కొడతా. మళ్ళీ వాళ్ళు నిన్ను కూడా శవపెట్టెలో పెట్టేస్తారు."

ఫ్రాలా అన్నది మారెక్‌కి వచ్చిన ఒకే ఒక్క రోమా మాట. దెజోని స్టేషన్లో అలాగే పిలుస్తాడు, సరదాకి. దెజో కూడా సరదాగానే పలుకుతాడు. ఆరేళ్ళుగా ఒకే కార్లో తిరుగుతున్నవాళ్ళు, ఒకే సంచిలోంచి రొట్టెముక్కలు పంచుకు తింటున్నవాళ్ళు, ఒకరినొకరు ఏమని పిలుచుకుంటే ఎవరికేం.

దెజో దుంగల మీద జాగ్రత్తగా నడిచాడు. బూట్లు బురదైతే స్టేషన్ పెద్ద కాప్టెన్ బెన్యో మొహం మాడ్చుకుంటాడు. కాప్టెన్‌కి దెజో అంటే మహా ముద్దు. మునిసిపల్ ఆఫీసు గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి వేయించాడు, యారొక్ పిల్లని చంకనెత్తుకుని దెజో నవ్వుతున్నట్టు, కింద "మీ పోలీసు, మీ మనిషి" అని. పైనుంచి ఎవరైనా అధికారులొస్తే ముందు ఆ బొమ్మ చూపిస్తారు, తర్వాత మనిషిని పిలిపించి చూపిస్తారు. అదే బొమ్మ యారొక్‌లో కూడా అంటించారు. అది మొదటి చలికే పొయ్యిల్లోకి పోయింది.

ఆ తర్వాత జరిగే పని మాత్రం ఒక్కటే. తలుపు కొట్టాలంటే దెజో ముందు, మిగతావాళ్ళు వెనక. దొంగ కరెంటు తీగలు కోసెయ్యాలంటే దెజో చెప్పాలి, పిల్లలు బడికి రాకపోతే దెజో తిట్టాలి, కొట్లాటలో ఎవడు మొదలుపెట్టాడో దెజో కూపీ లాగాలి. తెచ్చిన సంగతి తీసుకుని, అందరూ కలిసి గదిలో కూర్చుని తలుపేసుకుంటారు. అప్పుడు దెజో బయట కాఫీ యంత్రం దగ్గర నిలబడతాడు. స్టేషన్‌కి యారొక్ భాష కావాలి. యారొక్ మనిషి అక్కర్లేదు. ఈ సంగతి దెజోకి తెలియక కాదు, తెలిసినట్టు కనపడితే బతకడం కష్టం కాబట్టి తెలియనట్టు ఉంటాడు.

కుళాయి దగ్గర బకెట్లు పట్టుకున్న ఆడవాళ్ళు మాట ఆపేశారు.

"షింగలో వస్తున్నాడే" అంది ఒకావిడ, వినపడేట్టే. షింగలో అంటే కొమ్ములవాడు. యారొక్‌లో పోలీసుకి పేరు అదే, ఎందుకో ఎవరికీ గుర్తులేదు.

"తోవ తెలుసా నాయనా, చూపించమంటావా?" అంది ఇంకొకావిడ. "పాపం పట్నం మనిషి."

దెజో నడక ఆపలేదు. ఆ ఇంకొకావిడ అతనితో కలిసి మూడో తరగతి చదివింది.

మార్గిత ఇంటి గుమ్మంలో ముసలి అలాదార్ తాత బోర్లించిన పీపా మీద పేకముక్కలు పరుచుకుని కూర్చున్నాడు. శవాన్ని ఒంటరిగా వదలకూడదు కాబట్టి బస్తీ అంతా వంతులేసుకుని కాపలా ఉంటుంది. ఊరికే కూర్చుంటే నిద్రొస్తుందని పేక.

"టోపీ పెట్టుకోరా దెజో" అన్నాడు తాత, తల ఎత్తకుండానే. "చలికి చెవులు ఊడిపోతాయి. అసలే అవి సరిగ్గా పనిచెయ్యట్లేదంట."

"లోపలికి పోనిస్తావా తాతా?"

"నన్నడుగుతావేం. తలుపులు విరగ్గొట్టుకుని పోయేవాళ్ళేగా మీరు. ఇవాళ తీసే ఉంది."

గదిలో కాఫీ వాసన, కొవ్వొత్తుల వాసన. అద్దం మీద దుప్పటి కప్పారు. గడియారం ఆపేశారు. గోడ వెంట బెంచీల మీద జనం, చేతుల్లో గ్లాసులు. మధ్యలో రెండు కుర్చీల మీద పెట్టె, పెట్టెలో రూడో. పంతొమ్మిదేళ్ళవాడు. తలకి తెల్లటి గుడ్డ చుట్టారు. ఛాతీ మీద సిగరెట్ల డబ్బా, పక్కన వాడి ఫోను. ముదురు నీలం సూటు, భుజాల దగ్గర వదులు, చేతులు పొడుగు. ఆ సూటు దెజోకి బాగా తెలుసు. గేయ్జా పెళ్ళిలో ఆ సూటు మీద దెజోయే వైను ఒలకబోశాడు.

మార్గిత పెట్టె తల దగ్గర కూర్చుంది. జడ విప్పేసి ఉంది. ఆమె జుట్టు అంత తెల్లగా ఉందని దెజోకి ఇవాళే తెలిసింది.

"వచ్చావా" అంది. "కూర్చోకు."

"ఎలా ఉన్నావు పిన్నీ?"

"పిన్ని అనకు. మీ అమ్మకి పాలు పడకపోతే నిన్ను ఈ ఒళ్ళో వేసుకున్నప్పుడు పిన్నినే. ఇప్పుడు నువ్వు ప్రభుత్వం మనిషివి. ప్రభుత్వానికి నేను పిన్నిని కాను."

ఎవరో దగ్గారు. ఇంతలో పొయ్యి దగ్గరనుంచి గేయ్జా పెళ్ళాం ఝానెత లేచి వచ్చింది, చేతికి పిండి, చంకలో బిడ్డ. మరిక్లె రొట్టెలు కాలుస్తోంది వచ్చినవాళ్ళకి. ఆ పిండి చేత్తోనే పెట్టె వైపు చూపించింది.

"ఆ సూటెవరిదో చెప్పు."

"గేయ్జాది."

"మా అత్త తొడిగింది, తన చేతుల్తో. తమ్ముణ్ణి చంపినవాడి సూటు తమ్ముడికి తొడుగుతుందా ఏ తల్లయినా? అంత బుద్ధిలేనిదిలా కనపడుతోందా ఆవిడ నీకు?"

"నేను చంపాడని అనలేదు ఝానెతా. రూడో ఏమన్నాడో అది చెప్పాను. విన్నది చెప్పాను, ఒక్క అక్షరం కల్పించలేదు. గేయ్జా చంపేస్తానని అరిచింది నువ్వూ విన్నావు."

"చంపేస్తానని నేను రోజూ అంటాను" అంది మార్గిత. "పొద్దున లేస్తే ఆ మాట అనని తల్లి ఈ కాలవకి ఇటుపక్క లేదు. నిన్నూ అన్నాను చిన్నప్పుడు, గిన్నెలో చెయ్యి పెట్టినప్పుడల్లా. ఎన్నిసార్లు చచ్చావు?"

బెంచీ మీద ఒకాయన నవ్వబోయి, పెట్టె చూసి మానేశాడు.

"అక్కడ నేను లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి" అన్నాడు దెజో. అతనికీ కడుపు మండింది. మండదా మరి, పొద్దున్నుంచీ మింగుతున్నాడు. "వాళ్ళకి మీ మాట ఒక్కటీ అర్థం కాదు. నేనుండబట్టే కదా రూడో మాట వాళ్ళ చెవికెక్కింది. లేకపోతే ఎవడో దొంగ జారిపడి చచ్చాడని రాసేసి, ఆ రాత్రికే ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళు."

"నువ్వు లేకపోతే అర్థం కాలేదని అయినా ఒప్పుకునేవాళ్ళు" అంది ఝానెత. "నువ్వుండబట్టే అర్థమైపోయిందనుకున్నారు."

దెజో టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఆ కేసు ఒక్క రోజులో తేలిందని కాప్టెన్ బెన్యో భుజం తట్టిన సంగతి గుర్తొచ్చింది. నీలాంటివాడు ఒక్కడున్నా చాలయ్యా అన్నాడు కాప్టెన్. ఆ మాటకి దెజో లోపల్లోపల మురిసిపోయాడు కూడా. ఒక కుర్రాడు చచ్చిపోయిన మర్నాడు మురిసిపోయాడు. ఇప్పుడు ఆ భుజమే ఎక్కడికి తీసుకెళ్ళి దాచుకోవాలో తెలియడం లేదు.

మార్గిత లేచింది. మోకాళ్ళు పట్టేశాయి, పెట్టె అంచు పట్టుకుని లేచింది. రూడో కాళ్ళ మీది దుప్పటి పక్కకి తీసింది.

"ఇటు రా. వాడి కాలు పట్టుకో."

యారొక్‌లో చనిపోయినవాడి కాలు పట్టుకోవడం అంటే సెలవు తీసుకోవడం. పట్టుకుంటే చచ్చినవాడు రాత్రుళ్ళు వెతుక్కుంటూ రాడు. కానీ కాలు పట్టుకుని అబద్ధమాడితే మాత్రం తప్పకుండా వస్తాడు. దెజో ఇవన్నీ నమ్మడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా చెయ్యి జేబులోంచి రావడానికి తటపటాయించింది.

"దేనికి?"

"వాడు ఆ సాయంత్రం ఏమన్నాడో ఇక్కడ చెప్పు. మా అందరి ముందూ చెప్పు."

"నీకు తెలుసు కదా. అందరికీ తెలుసు."

"నువ్వు గాజోల మాటలో చెప్పింది తెలుసు" అంది మార్గిత. గాజో అంటే రోమా కానివాడు ఎవడైనా సరే. "మా వాడికి ఆ మాట సరిగ్గా రాదు, బళ్ళో దానికోసమేగా తన్నులు తిన్నాడు. నువ్వు వాడి పేరున ఏం చెప్తున్నావో వాడు వినాలి. వాడెలా అన్నాడో అలాగే చెప్పు. రేపు జడ్జికి చెప్పేది వాడి మాటే అయితే వాడి ముందు చెప్పడానికి నీకేం భయం?"

"భయమేం లేదు."

"అయితే పట్టుకో."

దెజో టోపీ బెంచీ మీద పెట్టి రూడో కాలు పట్టుకున్నాడు. కొత్త మేజోడు, ఇంకా కొట్టు మడత పోలేదు. దాని కింద కాలు కర్రలా ఉంది.

నోరు తెరిచాక గాని తెలియలేదు అతనికి, ఈ ఆరు రోజుల్లో ఆ మాట రోమా భాషలో ఒక్కసారీ అనలేదని. మారెక్‌కి చెప్పాడు, స్లొవాక్‌లో. కాప్టెన్‌కి, దర్యాప్తు అధికారికి, ప్రభుత్వ లాయరుకి చెప్పాడు, స్లొవాక్‌లోనే. ఇంట్లో స్నానం చేస్తూ తనలో తను అనుకున్నాడు, అదీ స్లొవాక్‌లోనే. రూడో అన్న మాట మీద తను చెప్పిన మాట పొరలు పొరలుగా పేరుకుపోయింది. అసలు ఎలా అన్నాడు? నీళ్ళ చప్పుడు. అవతల గేయ్జా అరుపులు. వేళ్ళు ఇరుక్కుపోయేలా చెయ్యి పట్టుకున్నాడు, పెదాలు కదిపాడు.

"ఫ్రాలా" అన్నాడు దెజో.

అని ఆగిపోయాడు. ఆపింది ఎవరో కాదు, తన నోరే. నాలుక దానంతట అదే ఆ మాటని సాగదీసింది. రూడో గొంతు ఎలా సాగిందో అలాగే సాగింది.

రోమా భాషలో ఫ్రాల్ అంటే అన్న. ఫ్రాలా అంటే అన్నా. మనకి అన్నకీ, అన్నాకీ ఎంత తేడా ఉందో అక్కడా అంతే, ఒక్క దీర్ఘం. మొదటిది ఎక్కడో ఉన్న అన్న గురించి చెప్పడం. రెండోది ఎదురుగా ఉన్నవాణ్ణి పిలవడం, వాడు సొంత అన్న అయినా కాకపోయినా సరే, వయసులో పెద్దయితే చాలు. యారొక్‌లో మూడేళ్ళ పిల్లవాడు కూడా ఒకదాని బదులు ఇంకోటి అనడు. స్లొవాక్‌లో ఆ దీర్ఘం లేదు. అన్న గురించి చెప్పినా, అన్నని పిలిచినా అక్కడ మాట ఒక్కటే, బ్రాత్. గేయ్జా అవతల కర్ర పట్టుకుని అరుస్తూ కళ్ళెదుట ఉన్నాడు. మారెక్ ఏమంటున్నాడని అడిగాడు. దెజో బ్రాత్ అన్నాడు. అనగానే అతనికే అది గేయ్జా అయి కూర్చుంది. అప్పట్నుంచీ తను విన్నది మర్చిపోయి, తను చెప్పిందే నమ్ముకుంటూ వచ్చాడు.

"ఆగావేం" అంది మార్గిత. "మిగతాది కూడా చెప్పు."

"అన్నా, నన్ను వాడితో వదిలెయ్యొద్దు."

గుమ్మంలో పేకముక్కల చప్పుడు ఆగిపోయింది. ఝానెత చంకలో బిడ్డ ఒక్కటే ఏదో గునుస్తోంది.

"గేయ్జా గురించి కాదురా అది" అన్నాడు అలాదార్ తాత మెల్లిగా. మొదటిసారి తలెత్తి చూశాడు. "నిన్ను పిలిచాడు."

దెజో కాలు వదల్లేదు.

"నీ చెయ్యి పట్టుకుని ఇంకెవర్ని పిలుస్తాడు" అంది మార్గిత. ఆమె గొంతులో కోపం కూడా లేదు. అది ఉన్నా బాగుండేది. "చిన్నప్పట్నుంచీ నిన్నలాగే పిలిచాడు. నువ్వు పోలీసువైనప్పుడు ఈ వీధి వీధంతా చెప్పుకు తిరిగాడు, మా దెజో అన్న అని. మిగతా పిల్లలు కొట్టారు కూడా, షింగలో తమ్ముడని. సరేలే. వాడితో అన్నాడు కదా, ఎవడితో?"

"పిన్నీ..."

"గేయ్జా కాలవకి అవతల ఉన్నాడు. నువ్వు వదిలినా వదలకపోయినా వాడు మా వాడి దగ్గరికి అంత తొందరగా రాలేడు, నడుములోతు నీళ్ళు. మా వాడు పడ్డ గట్టు మీద ఎవరున్నారు దెజో?"

గదిలో ఉన్న అందరికీ తెలుసు ఎవరున్నారో. వాళ్ళు అతని నోటినుంచి వినాలనుకున్నారు, అంతే.

"నేనూ..." అన్నాడు. "నేనూ, మారెక్కూ."

"మరి నువ్వు వదిలావా?"

యారొక్ కాలవ దగ్గరికి పోలీసు తోడు లేకుండా అంబులెన్సు రాదు. ఎప్పుడో ఎవడో రాయి విసిరాడట, అప్పట్నుంచీ అదే పద్ధతి. పైన రోడ్డు మీద ఆగి హారన్ కొడుతుంది, పోలీసు వెళ్ళి తీసుకురావాలి. ఆ సాయంత్రం హారన్ వినపడగానే మారెక్ అన్నాడు, నువ్వెళ్ళు, వీళ్ళ దారులు నీకే తెలుసు, నేను వీడి దగ్గర ఉంటా అని. సబబుగానే తోచింది. రూడో వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసుకుని దెజో లేచాడు. విడదీస్తున్నంతసేపూ రూడో మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నాడు, అన్నా, అన్నా అని. ఊరుకోరా, వచ్చేస్తా అన్నాడు దెజో. స్ట్రెచర్‌తో దిగి వచ్చేసరికి మారెక్ లేచి నిలబడి ప్యాంటు దులుపుకుంటున్నాడు. "ఇప్పుడే పోయాడు" అన్నాడు. "అన్నని తలుచుకుంటూనే పోయాడు పాపం."

"వదిలాను" అన్నాడు దెజో. "వదిలేసి వెళ్ళాను."

ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టలేదు. ఝానెత మాత్రం బిడ్డని భుజం మార్చుకుని గోడ వైపు తిరిగింది. మార్గిత దుప్పటి మళ్ళీ కొడుకు కాళ్ళ మీద సర్దింది, దెజో చెయ్యి మీదుగానే సర్దింది. చలికాలం పిల్లలకి కప్పినట్టు అంచులు లోపలికి దోపింది.

"రేపు జడ్జి ముందు ఎలా చెప్తావు?"

"ఇలాగే చెప్తాను. పిలిచాడని చెప్తాను."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోతుంది."

"వాళ్ళు నిన్ను బతకనివ్వరు. ఇటు మేమూ చేర్చుకుంటామో లేదో నేను మాటివ్వలేను."

"నేనడగలేదు పిన్నీ."

"అయితే నాకు కాదు, వాడికి చెప్పు."

దెజో రూడో మొహంలోకి చూశాడు. వచ్చినప్పట్నుంచీ అటు చూడకుండా తప్పించుకుంటున్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి, పెదాల మధ్య చిన్న సందు ఉంది.

"చెప్తానురా తమ్ముడూ" అన్నాడు, రోమా భాషలో.

"అప్పుడు పలికుంటే బాగుండేది" అంది మార్గిత, వెనక్కి తిరిగి కాఫీ వంపుకుంటూ.

బయట కాలవ అవతలినుంచి హారన్ మోగింది. పొడుగ్గా ఒకసారి, చిన్నగా రెండుసార్లు.

దెజో టోపీ తీసుకుని వచ్చేశాడు. గుమ్మంలో అలాదార్ తాత పీపా పక్కకి జరిపి దారిచ్చాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కూడా బకెట్లు పక్కకి జరిపారు. యారొక్‌లో మాట గోడలు దాటడానికి ఎంతసేపో పట్టదు. దుంగల మీద నడుస్తుంటే కిందనుంచి నీళ్ళు వెళ్తున్నాయి, ఆ గట్టు రాళ్ళు కూడా అక్కడే ఉన్నాయి.

ముందు కాప్టెన్‌కి చెప్పాలా? కాప్టెన్ చేసుకున్నది మారెక్ అక్కని. దర్యాప్తు అధికారికా? ఆయన ఏం చేసినా కాప్టెన్‌ని అడిగి చేస్తాడు. రేపు పొద్దున జడ్జి ముందు నోరు తెరిచేదాకా ఎవరికీ తెలియకూడదు, మారెక్‌కి అసలు తెలియకూడదు. ఏం జరిగిందో తెలియనట్టు కారెక్కాలి, స్టేషన్లో దిగాలి, ఇంటికి పోవాలి, అంతే. తెలియనట్టు ఉండటం దెజోకి కొత్త కాదు. ఆరేళ్ళుగా జీతం తీసుకుంటున్నది దానికే.

కార్లో వేడిగా ఉంది. మారెక్ థర్మాస్ మూతలో టీ పోసి ఉంచాడు, దెజో కోసం, ఎప్పటిలాగే రెండు చెంచాల పంచదారతో.

"ఏం ఫ్రాలా, అయిపోయిందా? ముసల్ది ఏమడిగింది?"

"ఏం లేదు. కాలు పట్టుకోమంది. వాళ్ళ ఆచారం."

"మీ ఆచారం అను" అని నవ్వాడు మారెక్. "తాగు, చల్లారిపోతుంది. మొహమేంటి అలా పాలిపోయింది?"

దెజో మూత అందుకున్నాడు. ఏమీ అనకూడదు, తాగి ఊరుకోవాలి. అయినా ఆ ఒక్క మాట పంటికింద రాయిలా అడ్డం పడింది. పొద్దున్నుంచీ మారెక్ నోట ఎన్నిసార్లు విన్నాడో, ఇప్పుడే విన్నట్టుంది.

"మారెక్, నువ్వు నన్ను ఫ్రాలా అంటావు కదా" అన్నాడు, టీ ఊదుకుంటూ, మామూలుగా. "దానర్థం ఏంటో తెలుసా నీకసలు?"

"తెలియకేం. అన్నని పిలవడం. ఉత్త అన్న అయితే ఫ్రాల్, పిలిస్తే ఫ్రాలా. నువ్వేగా నేర్పావు. మొదటి రోజు నేను ఫ్రాల్, ఫ్రాల్ అంటుంటే పడీపడీ నవ్వావు. పిలిచేటప్పుడు సాగదియ్యాలిరా మొద్దూ, లేకపోతే పక్కవాడి గురించి చెప్తున్నావనుకుంటారు అని..."

మారెక్ నవ్వు సగంలో ఆగింది. ఆ సాయంత్రం గట్టు మీద రూడో నోట ఆ సాగదీత అతనూ విన్నాడు.

ఇద్దరూ ముందు అద్దంలోంచి కాలవ వైపే చూస్తున్నారు. మారెక్ థర్మాస్ బిరడా బిగించాడు, తొందరేం లేకుండా, చివరిదాకా బిగించి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. స్టీరింగ్ మీద చెయ్యి వేశాడు. నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారే టక్కుమన్నాయి.

కారు కదిలితే వాటంతట అవే పడే తాళాలవి. కారు ఇంకా కదల్లేదు.